సింగర్ 28కె చేతి మిషన్: వరుస సంఖ్య చెప్పిన చరిత్ర

పాత సింగర్ 28కె చేతి కుట్టుమిషన్‌ను ఇప్పుడు కొనవచ్చా అని అడిగేవారికి, కొనవచ్చని నిస్సంకోచంగా చెబుతాను. అయితే దాని పుట్టుపూర్వోత్తరాలు తేల్చుకున్నాకే కొనాలని కూడా అంతే గట్టిగా చెబుతాను. నేను సమీక్షిస్తున్న మిషన్ 1890ల నాటిదని అమ్మినవారు చెప్పారు, ఆ వయసు చూపించే ఎక్కువ ధర అడిగారు. మిషన్ మీదున్న సంఖ్య ఆ మాటతో ఏకీభవించలేదు.

ఈ రకం మిషన్లలో వరుస సంఖ్య పీఠం మీద కుడివైపున, తిరిగే చక్రానికి దగ్గరగా, కాస్త ఎత్తుగా ఉన్న చోట చెక్కి ఉంటుంది. ఏళ్ల తరబడి పేరుకున్న నూనె, దుమ్ము ఆ అంకెల గాళ్లలో గట్టిపడి 3కూ 8కీ తేడా తెలియనివ్వవు. మిషన్ నూనెలో తడిపిన మెత్తటి గుడ్డతో ఓపికగా తుడిచి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంటే నీడల వల్ల అంకెలు స్పష్టంగా తేలతాయి. తొందరపడి స్పిరిట్ వాడకూడదు. నల్ల రంగు మీద, బంగారు పూల మీద ఉన్న లక్క పూత అందులో కరిగిపోతుంది, ఒకసారి పోయిన ఆ మెరుపు మళ్లీ రాదు.

సింగర్ కంపెనీ 1900 నుంచి వరుస సంఖ్యల ముందు అక్షరం చేర్చడం మొదలుపెట్టింది, అంతకుముందు ఉన్నవి అంకెలే. ఈ మిషన్ మీద ‘వై’ అక్షరం ఉంది కనుక 1890ల కథ అక్కడితోనే ముగిసింది. అక్షరం వల్ల కర్మాగారం కూడా తెలుస్తుంది: ‘వై’ స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ పట్టణంలో ఉన్న కిల్బోవీ కర్మాగారానిది, ‘జి’ అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు ఎలిజబెత్‌లో ఉన్న కర్మాగారానిది. మోడల్ సంఖ్య చివరనున్న ‘కె’ కూడా కిల్బోవీనే సూచిస్తుంది. ఆ కర్మాగారం 1980లో మూతపడినా, అక్కడి రైల్వే స్టేషన్‌ను నేటికీ సింగర్ అనే పిలుస్తున్నారు. ‘వై’ శ్రేణి 1920లలోనూ 1930ల తొలి సగంలోనూ నడిచింది. అంతర్జాతీయ కుట్టుమిషన్ సేకర్తల సంఘం అందుబాటులో ఉంచిన పట్టికల్లో సంఖ్యను సరిచూసుకోవచ్చు. కానీ వాటిలోని తేదీ ఆ సంఖ్యల వరుసను కేటాయించిన రోజునే తెలుపుతుంది తప్ప, ఫలానా మిషన్ తయారై బయటికి వచ్చిన రోజును కాదు. కొన్ని పాత మిషన్లలో కింది దారపు భాగాన్ని కప్పే జారుడు పలక మీద కనిపించే పేటెంట్ తేదీలను తయారీ సంవత్సరంగా చెప్పి అమ్మడం కూడా మామూలే. మిషన్ అంతకంటే పాతది కాదని మాత్రమే ఆ తేదీల వల్ల తేలుతుంది.

చేతి పిడి మొదటినుంచీ ఉన్నదేనా అన్నది వేరే ప్రశ్న. పిడి బిగించడానికి స్తంభం వెనుక మరచుట్లున్న ఉబ్బెత్తు భాగం, పిడి పట్టుకు తగిన ఆకుల చక్రం రెండూ ఉండాలి. కాలి మిషన్‌కు తరువాత పిడి అమర్చినట్లయితే చక్రం రంగు, అరుగుదల మిగతా శరీరంతో సాధారణంగా కలవవు. ఈ మిషన్‌లో చక్రం, శరీరం రెండూ సమానంగానే అరిగి ఉన్నాయి.

ఇక పనితనం. 28కె అనేది 27 మోడల్‌కు ముప్పాతిక పరిమాణంలో చేసిన రూపం. దీని లోపల కింది దారపు చుట్టను (బాబిన్‌ను) పట్టుకునే గుండ్రటి బాబిన్ కేస్ ఉండదు. కింది దారాన్ని మోసే తూటా ఆకారపు షటిల్, అందులో సన్నని పొడవాటి బాబిన్ ఉంటాయి. ఆ షటిల్ చాపాకారంలో ముందుకూ వెనక్కూ ఊగుతూ సూది దారపు ఉచ్చులోంచి దూసుకుపోతుంది. జారుడు పలక తీసి, పిడిని మెల్లగా తిప్పుతూ ఆ కదలికను చూస్తే ఇంత సరళమైన అమరిక ఇంత గట్టి కుట్టు ఎలా వేస్తుందో కళ్లకు కట్టినట్టు అర్థమవుతుంది. కుట్టు తిన్నగా, రెండు వైపులా ఒకేలా పడుతుంది; పలుచని నూలు గుడ్డ మీదా, నాలుగు మడతల అంచు మీదా దారం టెన్షన్‌ను స్వల్పంగా సవరిస్తే చాలింది. వెనక్కి కుట్టే వీలు లేదు కనుక చివర్లో గుడ్డను తిప్పి కుట్టాలి. కుడిచేయి పిడికే సరిపోతుంది కాబట్టి గుడ్డను ఎడమచేత్తోనే నడిపించడం అలవాటు చేసుకోవాలి. పెద్ద దుప్పట్లకు ఇది నిజంగానే ఇబ్బంది.

మూలం తెలుసుకోవడం వల్ల కలిగే అసలు ప్రయోజనం విడిభాగాల దగ్గర బయటపడుతుంది. ఇది 27, 28, 127, 128 మోడళ్ల కుటుంబానిదని తేలితే షటిల్, బాబిన్లు వెతకడం సులువవుతుంది. సూది ఇప్పటికీ అన్నిచోట్లా దొరికే 15×1 రకమే. సింగర్ 306 లాంటి మోడల్‌కైతే 206×13 రకం సూదులు వెతకాల్సి వస్తుంది.

చిన్న కుట్టుపనులు చేసుకునేవారికీ, కుట్టు నేర్చుకునే పిల్లలకూ ఈ మిషన్‌ను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను. కొనే ముందు వరుస సంఖ్య స్పష్టంగా కనిపించే ఫొటోను, షటిల్ ముక్కు దగ్గరగా కనిపించే ఫొటోను అడిగి తెప్పించుకోండి. ముక్కు అరిగితే కుట్లు తప్పిపోతాయి. ఆ రెండు ఫొటోలూ పంపడానికి ఇష్టపడని అమ్మకందారు దగ్గర కొనవద్దు.