తొమ్మిది వాట్ల బల్బు: అయిదారేళ్లు వాడాక

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఇంట్లో గుండు బల్బులన్నీ తీయించి ఎల్‌ఈడీలు పెట్టి అయిదారేళ్లు దాటింది. హాల్లోనూ వంటింట్లోనూ 9 వాట్లవి, బాత్రూమ్‌లో 5, దేవుడి గదిలో అర వాటుది. వెలుగుకి వంక పెట్టను. పేచీ అంతా ఆయుష్షు దగ్గరే.

మా నాన్నగారికి మాత్రం తొమ్మిదంటే ఇప్పటికీ నమ్మకం లేదు. "తొమ్మిదేంట్రా, అరవై క్యాండిల్ బల్బు తెచ్చెయ్, సరిపోద్ది" అంటారు. ఆయన క్యాండిల్ అనేది వాటునే. వాట్లు చెప్పేది బల్బు ఎంత కరెంటు తింటుందో. వెలుగు ఎంతో తెలియాలంటే డబ్బా మీద ల్యూమెన్లు చూడాలి. పాత 60 వాట్ల బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు, తిన్నదాంట్లో ఎక్కువ భాగం వేడిగా పోయేది. మా హాల్లోది 9 వాట్లకే 900 ఇస్తోంది. అలాగని తొమ్మిది వాట్లవన్నీ ఒకటి కావు. అదే 9 వాట్లకు 810 ఇచ్చేవీ ఉన్నాయి. రేటు ఒకటే అయితే ల్యూమెన్లు ఎక్కువున్న డబ్బానే తీసుకుంటాను.

బిల్లు సంగతి. వెయ్యి వాట్లు గంటసేపు కాలితే ఒక యూనిట్. 60 వాట్ల బల్బు రోజూ 6 గంటలు వెలిగితే నెలకు 10.8 యూనిట్లు. 9 వాట్లదైతే 1.6. అసలు దొంగ మాత్రం దేవుడి గదిలో రాత్రింబవళ్లు వెలిగిన జీరో బల్బు. పేరుకే జీరో, లాగేది 12 నుంచి 15 వాట్లు. 15 అనుకుంటే నెలకు సరిగ్గా అదే 10.8 యూనిట్లు! పాత చక్రం మీటరు అంత చిన్న లోడును సరిగా పట్టేది కాదు కాబట్టి చెల్లింది గానీ ఎలక్ట్రానిక్ మీటరు వదలదు. ఇప్పుడున్న అర వాటు బల్బుకు నెలంతా కలిపి అర యూనిట్ కూడా కాదు.

మా వైపు రొయ్యల చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరిగే వేళకి ఓల్టేజీ పడిపోతుంది. ఓల్టేజీ పావు వంతు తగ్గితే గుండు బల్బు వెలుగు సగానికి కూడా నిలవదు, లోపలి తీగ ఎర్రగా కనబడుతుంది. ఎల్‌ఈడీలో ఓల్టేజీ తగ్గినా కరెంటును ఒకేలా అందించే డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది కాబట్టి మా హాల్లో తేడాయే తెలియదు. చౌకరకానివి మిణుకుతాయి, అవి వద్దు.

ఇక పేచీ. డబ్బా మీద 25,000 గంటలని ఉంది. వసారాలో గాజు బుడ్డి లోపల బిగించినది ఏడాది తిరక్కుండానే పోయింది. పైన తెల్ల టోపీ ఊడదీసి చూస్తే వెలుగిచ్చే పసుపు చిప్పుల్లో ఒకదాని మీద ఆవగింజంత నల్ల మచ్చ. చిప్పులన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి, ఒకటి మాడితే అన్నీ ఆరిపోయినట్టే. వేడి బయటికి పోయే దారి లేక వచ్చిన చావు అది. బుడ్డి తీసేశాక పెట్టిన బల్బు ఇంకా వెలుగుతోంది. కాకపోతే సార్వా చేలు కోతకొచ్చే రోజుల్లో దీపం పురుగులన్నీ దానిమీదే, ఆ రాత్రులు వసారాలో అన్నం తినలేం.

రెండేళ్ల గ్యారంటీ అన్నారు గానీ, కొట్లో ఒకసారి మార్చి ఇచ్చి, రెండోసారి "బిల్లు ఏది?" అని అడిగారు. అందుకే ఇప్పుడు బిగించే ముందే బల్బు మెడ మీద పెన్నుతో తేదీ రాసి, బిల్లు మీటరు బోర్డు వెనక దోపుతున్నాను.