పాలపన్ను వెనకే ఇంకో పన్ను: పీకించాలా, ఆగాలా?

మా వాడికి ఆరున్నరేళ్ళప్పుడు, ఒక రాత్రి పళ్ళు తోమిస్తూ ఫోన్ టార్చ్ వేసి చూశాను. కింది వరసలో ముందు పాలపళ్ళు రెండూ చక్కగానే ఉన్నాయి. వాటి వెనక, నాలుక వైపు, రంపం అంచులా గరుకుగా మరో రెండు పళ్ళు తొంగి చూస్తున్నాయి. గుండె జారిపోయింది. మా అత్తయ్య "పన్ను మీద పన్ను అదృష్టమే అమ్మా" అన్నారు. ఆయనేమో పొద్దున్నే వెళ్ళి పీకించేద్దాం అన్నారు.

మొదట చూపించిన చోట పక్కవాటితో కలిపి కింది ముందు పాలపళ్ళు నాలుగూ ఈరోజే తీసేద్దాం అన్నారు. నాకు మనసొప్పలేదు. ఇంకోచోట పిల్లల పళ్ళ డాక్టరమ్మకు చూపించాం. ఆవిడ ఒక్కో పాలపన్నునీ వేలితో కదిపి చూసి, "రెండూ కదులుతున్నాయి, మూడు నెలలు టైమిద్దాం" అన్నారు.

ఆగడానికి కారణం ఉంది. కింది ముందు పళ్ళు మామూలుగానే పాలపళ్ళ వెనక వైపు తయారవుతాయి. పైకొచ్చే కొత్త పన్ను ఒత్తిడికి పాలపన్ను వేరు కరుగుతూ వస్తుంది. కొత్తది కాస్త వెనగ్గా వస్తే వేరు పూర్తిగా కరగదు, అందుకే రెండు వరసలు కనిపిస్తాయి. పాలపన్ను ఊడిపోతే, చోటున్నంత వరకు నాలుకే కొత్త పన్నును ముందుకు నెడుతుంది.

అలాగని ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు. రోజూ వాడి చేతే ఆ పళ్ళు కదిలించేవాళ్ళం. జామకాయ ముక్కలు, మొక్కజొన్న పొత్తు కొరికించేవాళ్ళం. రెండు వరసల మధ్య అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి కాబట్టి అక్కడ బ్రష్ నేనే పట్టేదాన్ని. ఐదో వారం ఇడ్లీ తింటుంటే ఒకటి ఊడింది, మేడ మీదికి విసిరాడు. రెండోది మాత్రం మొదట్లో కదిలినంతే కదులుతూ ఆగిపోయింది. వెనక కొత్తది దాదాపు పూర్తిగా వచ్చేసింది. మూడు నెలలు చూసి దాన్ని తీయించాం. జెల్ రాసి, చిన్న మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. తీయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

కాబట్టి కింది పళ్ళయితే, కదులుతుంటే ఆగడమే మేలు. అసలు కదలకపోయినా, నెలలు గడిచినా తీయించడం మేలు. పై పళ్ళ విషయంలో నేనైతే అంత ఓపిక పట్టను. పైన కొత్త పన్ను వెనగ్గా దిగితే, నోరు మూసినప్పుడు కింది పన్ను వెనక చిక్కుకుపోతుంది. అప్పుడు నాలుక నెట్టినా ముందుకు రాదు.

నిజంగా అదనపు పన్ను ఉంటే సంగతి వేరు. పాలపళ్ళు 20, శాశ్వత దంతాలు 32, ఆ లెక్కకు మించి వచ్చేది ఎక్కువగా పై ముందు పళ్ళ మధ్యే వస్తుంది. చాలాసార్లు చిన్న మేకులా ఉంటుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. మా అక్క కొడుక్కి ఎనిమిదేళ్ళు నిండినా పైన కుడి పన్నే వచ్చింది, ఎడమ వైపు ఖాళీ. "లేటుగా వస్తుందిలే" అని ఇంట్లో అందరం ఏడాది ఆగాం. ఎక్స్‌రే తీస్తే, ఎముకలో తలకిందులుగా ఒక అదనపు పన్ను, దాని పైన దిగలేక ఆగిపోయిన అసలు పన్ను. ఆ ఫిల్మ్ చూసి అక్క ఏడ్చేసింది. ఇక్కడ ఆగడం మా తప్పే. ఒక వైపు పన్ను వచ్చి ఆరు నెలలైనా జత పన్ను రాకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే.

దారికి అడ్డంగా ఉంటే ఆ అదనపు పన్నును త్వరగా తీయించడం మేలు. ఎవరికీ అడ్డం లేకుండా ఎముకలో పైనెక్కడో ఉంటే, పక్క పళ్ళ వేర్లు ఇంకా తయారవుతున్నప్పుడు తొందరపడకుండా, మధ్య మధ్య ఎక్స్‌రే తీస్తూ కొన్నేళ్ళు చూస్తారు. అక్క కొడుకుది తీశాక అసలు పన్ను దిగడానికి ఏడాది దాటింది. కొందరికి అలా దిగదు, క్లిప్పు అతికించి లాగాల్సి వస్తుంది.

ఇక వంకర పళ్ళకు క్లిప్పులు ఎనిమిదేళ్ళకా, పన్నెండేళ్ళకా? మామూలు వంకరే అయితే పదకొండు, పన్నెండేళ్ళ దాకా ఆగమంటాను. ఎత్తుపళ్ళకు చిన్నప్పుడే వైద్యం మొదలుపెడితే దెబ్బ తగిలి పన్ను విరిగే ప్రమాదం తగ్గుతుంది, అంతకుమించి చివరి ఫలితంలో పెద్ద తేడా ఉండదని పరిశోధనలు చెబుతున్నాయి. రెండు విడతల ఖర్చు, రెండు విడతల ఓపిక మాత్రం ఖాయం. అయితే పై పళ్ళు కింది పళ్ళ లోపలికి పడుతున్నా, వేలు చీకే అలవాటుతో పై దవడ ఇరుకైపోయినా, పళ్ళు మరీ ఎత్తుగా ఉన్నా ఏడెనిమిదేళ్ళకే చూపించాలి.

స్టీలు క్లిప్పులా, కనపడని ప్లాస్టిక్ ట్రేలా అంటే, పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు నా ఓటు స్టీలుకే. ట్రేలు రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. లంచ్‌లో తీసి టిష్యూలో చుట్టి పారేసుకునే వయసు అది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. పుచ్చిన పాల దవడపళ్ళను "ఎలాగూ ఊడేవే" అని పీకించేయకండి. అవి పది, పన్నెండేళ్ళ దాకా ఉండి కింద వచ్చే పళ్ళకు చోటు కాపాడతాయి. అవి పోతే వెనక పన్ను ముందుకు జరిగి ఆ చోటు మూసుకుపోతుంది, తర్వాత వచ్చేది వంకరగా వస్తుంది. బాగు చేయించే వీలుంటే చేయించండి. తీయక తప్పకపోతే, చోటు పోకుండా పెట్టే తీగ గురించి అడగండి.

మా వాడికిప్పుడు ఎనిమిదేళ్ళు. పై పళ్ళ మధ్య బియ్యపు గింజ పట్టేంత సందుంది. ఎక్స్‌రేలో అదనపు పన్నేమీ లేదు. కోరపళ్ళు దిగేటప్పుడు అది చాలావరకు దానంతటదే మూసుకుంటుందని డాక్టరమ్మ అన్నారు. అప్పటిదాకా దాని జోలికి పోవడం లేదు.