కిలో ధర మనమే లెక్కగట్టుకోవలసిన సూపర్ మార్కెట్
అనంతపురం టవర్ క్లాక్ సమీపంలోని ఒక సూపర్ మార్కెట్‌లో రెండేళ్లుగా నెల సరుకులు తెచ్చుకుంటున్నాను. పప్పుల్లో రాళ్లు రావు, విడి సరుకు తూచేటప్పుడు కవరు బరువును తీసివేస్తారు. నా ఫిర్యాదంతా ధరలు చూపించే తీరు మీదే.

పోయిన నెల అక్కడ కందిపప్పు అర కిలో ప్యాకెట్ 84 రూపాయలు, కిలో ప్యాకెట్ 172 రూపాయలు ఉన్నాయి. పెద్దది తీసుకుంటే చవకగా పడుతుందన్న నమ్మకంతో కిలో ప్యాకెట్‌ను బుట్టలో వేసుకున్నాను. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి తన ఏకవస్తు పద్ధతిని అక్కడే ప్రయోగించి, "రెండు అర కిలోలైతే 168 కదా నాన్నా" అనడంతో దాన్ని తిరిగి అరలో పెట్టవలసి వచ్చింది.

ప్యాకెట్ మీద యూనిట్ ధర ముద్రించాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలకు 2021లో సవరణ చేశారు. కిలో లోపు ప్యాకెట్‌కు గ్రాము ధర వేస్తారు, అదీ రెండు దశాంశ స్థానాల వరకే. 84ను 500తో భాగిస్తే వచ్చే 0.168 ప్యాకెట్ మీద 0.17 అవుతుంది. ఆ 0.17 వెనుక కిలో 165 రూపాయల పప్పూ ఉండవచ్చు, 174 రూపాయల పప్పూ ఉండవచ్చు. అందువల్ల ముద్రించిన అంకెను నమ్ముకోవడం కంటే మొత్తం ధరను బరువుతో భాగించుకోవడమే మేలు. పైగా ఈ దుకాణంలో సరిగ్గా ఆ చిన్న అక్షరాల మీదే ఆఫర్ స్టిక్కర్ అంటిస్తారు. గోటితో గీకితే తప్ప కనిపించదు.

వేరుశనగ నూనె దగ్గర చిక్కు మరోరకం. మా సీమలో శెనక్కాయ నూనె లేనిదే పొయ్యి వెలగదు కనుక ఇక్కడ పొరపాటు పడితే నెలనెలా నష్టమే. లీటరు ప్యాకెట్ 182 రూపాయలు, విడి నూనె కిలో 195 రూపాయలు అని పక్కపక్కనే బోర్డులున్నాయి. చూసిన వెంటనే ప్యాకెట్టే చవక అనిపిస్తుంది. కానీ లీటరు నూనె తూగేది 910 గ్రాములే. ఆ లెక్కన ప్యాకెట్ నూనె కిలో 200 రూపాయలు పడుతుంది. విడి నూనె అయిదు రూపాయలు తక్కువే.

అన్ని అరల మీదా కిలో ధర కార్డులు పెట్టమని మేనేజరు గారిని అడిగాను. ప్రస్తుతానికి బియ్యం దగ్గర మాత్రం పెట్టారు. విడి నూనెకు డబ్బా మనమే తీసుకెళ్లాలి.