కన్సోల్ షూటింగ్ గేమ్‌ల కోసం ‘ప్రిసిషన్ ఎయిమ్’ కంట్రోలర్ కొనబోతున్నారా? ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి

మౌస్‌తో సమానంగా గురి కుదురుతుందని ప్రచారం చేస్తున్న కొత్త డిజైన్ కంట్రోలర్ ఒకటి కొని నేను బాగా నష్టపోయాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి, పేరు కన్నా ఆ పద్ధతి ఏమిటో మీకు తెలియడం ముఖ్యం.

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో మూడు మాటలు: జైరో ఎయిమ్ (కంట్రోలర్‌నే తిప్పి గురి పెట్టడం), హాల్ ఎఫెక్ట్ స్టిక్స్ (అయస్కాంతంతో పనిచేసే బొటనవేలి స్టిక్కులు), 1000 హెర్ట్జ్ పోలింగ్ (కంట్రోలర్‌ను సెకనుకు వెయ్యిసార్లు చదవడం). విడివిడిగా చూస్తే ఏదీ అబద్ధం కాదు. మోసమంతా వాటిని కన్సోల్ బొమ్మ పక్కన అచ్చు వేయడంలో ఉంది. ఆ 1000 హెర్ట్జ్ పీసీకి తగిలించినప్పటి లెక్క. కన్సోల్ తన సొంత వేగంతోనే కంట్రోలర్‌ను చదువుతుంది, పెట్టె మీద ఎంత రాసుకున్నా అది మారదు.

అసలు దెబ్బ జైరో దగ్గర తగిలింది. నేను ఆడేది ఎక్స్‌బాక్స్ మీద. ఎక్స్‌బాక్స్ సొంత కంట్రోలర్లలో మోషన్ సెన్సర్ లేదు, అక్కడి షూటింగ్ గేమ్‌లు గురి కోసం చూసేది కుడి స్టిక్కు సంకేతాన్నే. అందుకని ఈ కంట్రోలర్ చేతి కదలికను కొలిచి, దాన్ని స్టిక్కు నెట్టినట్టుగా మార్చి గేమ్‌కు పంపుతుంది. ఈ మార్పిడి దగ్గరే కచ్చితత్వం పోతుంది. నిజమైన జైరోలో చెయ్యి ఎంత తిరిగితే గురి అంత తిరుగుతుంది. స్టిక్కు చెప్పేది అది కాదు, ఎంత వేగంగా తిరగాలో మాత్రమే చెబుతుంది. పైగా చాలా గేమ్‌లలో స్టిక్కుకు ఒక డెడ్‌జోన్ (మధ్య దగ్గర చిన్న కదలికలను గేమ్ పట్టించుకోని మేర), తిరిగే వేగానికి ఒక పరిమితి ఉంటాయి.

ఆటలో ఇది ఎలా ఉంటుందో చూడండి. స్కోప్‌లో దూరంగా గోడ పక్కన శత్రువు భుజం మాత్రమే కనిపిస్తోంది. గురి ఒక్క వెంట్రుకవాసి కుడికి జరగాలి. మణికట్టు కొద్దిగా తిప్పితే క్రాస్‌హెయిర్ (తెర మీది గురి గుర్తు) కదలదు, ఆ కదలికను డెడ్‌జోన్ మింగేసింది. ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా భుజం దాటి అవతలికి దూకుతుంది. ఇక వెనక నుంచి ఎవరైనా వచ్చారని చటుక్కున తిప్పితే, వేగ పరిమితి అడ్డొచ్చి గురి సగంలో ఆగిపోతుంది. కంట్రోలర్ యాప్‌లో యాంటీ డెడ్‌జోన్ (డెడ్‌జోన్‌ను దాటించడానికి సంకేతాన్ని ముందే పెంచి పంపే సెట్టింగ్) పెంచి చూశాను. అప్పుడు చెయ్యి కదపకపోయినా క్రాస్‌హెయిర్ వణకడం మొదలైంది. చేతి సన్నని కదలికల కోసమే కొన్న వస్తువు సరిగ్గా ఆ కదలికలనే పారేస్తుంటే ఎంత బాధగా ఉంటుందో ఆడేవాళ్లకే తెలుస్తుంది.

స్టిక్కుల సంగతి. మామూలు స్టిక్కులో కదలికను కొలిచే పొటెన్షియోమీటర్ ఉంటుంది, అందులో భాగాలు ఒకదానికొకటి రాసుకుని అరిగి డ్రిఫ్ట్ (స్టిక్కు ముట్టకపోయినా గురి దానంతట అదే జరగడం) వస్తుంది. హాల్ ఎఫెక్ట్‌లో అయస్కాంతం, సెన్సర్ తాకవు కాబట్టి ఆ అరుగుదల ఉండదు. సెగా డ్రీమ్‌క్యాస్ట్ 1998లోనే వాడిన పద్ధతి ఇది. ఇప్పుడొస్తున్న టీఎంఆర్ స్టిక్కులు కూడా అయస్కాంతంతో పనిచేసేవే. కానీ డ్రిఫ్ట్ రాకపోవడం వేరు, గురి కచ్చితంగా ఉండడం వేరు. వదలగానే స్టిక్కును మధ్యకు లాగేది స్ప్రింగు. అది నాసిరకం అయితే సెన్సర్ ఎంత గొప్పదైనా లాభం లేదు. నా కంట్రోలర్‌ను పీసీకి తగిలించి, బ్రౌజర్‌లో గేమ్‌ప్యాడ్ టెస్ట్ పేజీ తెరిచి చూశాను. అందులో స్టిక్కు మధ్యలో ఉంటే 0, చివరిదాకా నెడితే 1 చూపిస్తుంది. కుడికి నెట్టి వదిలితే 0.03 దగ్గర, ఎడమకు నెట్టి వదిలితే మైనస్ 0.04 దగ్గర ఆగింది. కంపెనీకి చెబితే ఫర్మ్‌వేర్ (కంట్రోలర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ పంపారు. ఆ తర్వాత అంకె సున్నా దగ్గరే నిలిచింది. అయితే స్టిక్కును మెల్లగా నెడితే చాలాసేపు సున్నాగానే ఉండి, ఉన్నట్టుండి పైకి దూకుతోంది. లోపాన్ని సరిచేయలేదు, మనం తీసేయడానికి వీల్లేని డెడ్‌జోన్ ఒకటి కలిపి దాన్ని కప్పేశారు.

వాపస్ అడిగితే ‘పరికరం బాగానే పనిచేస్తోంది’ అన్నారు. గట్టిగా అడిగాక, నేను రాసిన రివ్యూ తీసేస్తే కొంత డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇలాంటి వస్తువులకు అన్నీ ఐదు నక్షత్రాలే కనిపిస్తే, ఈ బేరం మీకు గుర్తుకు రావాలి.

జైరో కోసమే కొంటుంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: మీ కన్సోల్‌లో, మీరు ఆడే గేమ్‌లో జైరో నేరుగా ఉందా? ప్లేస్టేషన్ 4, 5 కంట్రోలర్లలో, స్విచ్ జాయ్‌కాన్‌లలో మోషన్ సెన్సర్ ముందే ఉంది. స్ప్లాటూన్ గేమ్‌లో 2015 నుంచి జైరో ఉంది. ఫోర్ట్‌నైట్‌లో 2022లో ఫ్లిక్ స్టిక్‌తో (స్టిక్కు ఎటు నెడితే గురి ఒక్కసారిగా అటు తిరిగే పద్ధతి) సహా జైరో ప్లేస్టేషన్‌కూ వచ్చింది. అలాంటి గేమ్ ఆడేవాళ్లు ఇప్పటికే చేతిలో ఉన్న కంట్రోలర్‌లో సెట్టింగ్ ఆన్ చేసి కొంతకాలం ఆడి చూడండి, ఖర్చేమీ లేదు. అమ్మేవాడిని మాత్రం సూటిగా అడగండి: ‘కన్సోల్‌లో జైరో నేరుగా వెళుతుందా, స్టిక్కుగా మారి వెళుతుందా?’ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ‘అన్ని ప్లాట్‌ఫామ్‌లకూ సపోర్ట్’ అనేది జవాబు కాదు.

లైసెన్స్ కూడా చూడండి. 2023 నవంబర్ నుంచి ఎక్స్‌బాక్స్ అనుమతి లేని కంట్రోలర్లను అడ్డుకుంటోంది. ప్లేస్టేషన్ 4 కోసం చేసిన కంట్రోలర్ ప్లేస్టేషన్ 5లో పాత గేమ్స్‌కు పనిచేస్తుంది తప్ప కొత్త తరం గేమ్స్‌కు పనిచేయదు. ఇక రీకాయిల్‌ను (కాల్చినప్పుడు తుపాకీ పైకి ఎగరడాన్ని) తానే సరిచేసే మోడ్, ర్యాపిడ్ ఫైర్ (బటన్ నొక్కి ఉంచితే దానంతట అదే వేగంగా కాల్చడం) అని రాసినవైతే అసలు ముట్టుకోవద్దు. ఎదుటి ఆటగాళ్లకు అన్యాయం అన్నది ఒకటి, మీ అకౌంట్ పోయే ప్రమాదం ఇంకొకటి.

ఇప్పటికే ఆర్డర్ పెట్టేసినవాళ్లు పెట్టె విప్పడం దగ్గర నుంచి వీడియో తీయండి. గేమ్ మొదలుపెట్టక ముందే టెస్ట్ పేజీలో నాలుగు వైపులకూ స్టిక్కు నెట్టి వదిలి, అంకెలు కనిపించేలా రికార్డు చేయండి. వాపస్ గడువు ముగిసేదాకా వాళ్లు పంపే ఏ ఫర్మ్‌వేర్ అప్‌డేటూ వేయకండి.