వైజాగ్ నుంచి ఢిల్లీ ప్యాకేజీ టూర్ రివ్యూ: బస్సులోంచి చూసిందొకటి, మెట్రో దిగితే కనపడింది ఇంకోటి

జులై మొదట్లో అమ్మ, పిన్ని, నేను ద్వారకా నగర్‌లో ఒక ట్రావెల్స్ వాళ్ళ దగ్గర ఢిల్లీ ప్యాకేజీ తీసుకుని వెళ్ళొచ్చాం. పేరు రాయట్లేదు, ఆఫీసులో కూర్చునే కుర్రాడు పాపం చాలా మర్యాదస్తుడు, తప్పంతా ఆ ప్లాన్ వేసినోడిది. ఏపీ ఎక్స్‌ప్రెస్ టికెట్లు, కరోల్ బాగ్‌లో హోటల్, ఏసీ బస్సు, గైడు, రెండు పూటలా తిండి అన్నీ అందులోనే. టికెట్లకి, హోటల్‌కి వంక పెట్టను, పెద్దవాళ్ళిద్దరికీ లోయర్ బెర్తులే ఇప్పించారు, రూము శుభ్రంగా ఉంది, లిఫ్టు ఉంది. టిఫిన్ మాత్రం రోజూ బ్రెడ్డు, పూరీ, అటుకుల ఉప్మా లాంటిదేదో, పిన్ని సంచిలో కందిపొడి సీసా ఉండబట్టి సరిపోయింది.

గొడవంతా ఊరు చూపించడం దగ్గర వచ్చింది. మొదటి రోజంతా న్యూఢిల్లీలోనే తిప్పారు, రాష్ట్రపతి భవన్ గేటు, కర్తవ్య పథ్, ఇండియా గేట్, ఎంబసీల రోడ్లు. బాగుంది, అబద్ధం ఎందుకు. 1911లో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నాం అని ప్రకటించి, 1931కి ఈ కొత్త ఊరు కట్టి ఓపెన్ చేశారు, ఆ దర్జా ఇంకా అలాగే ఉంది, హారన్లు లేవు, గోడల వెనక బంగళాలు, రోడ్డుకి రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్లు. ఆమధ్య రాజధాని మన వైజాగ్‌కే అని ఊరించారు కదా, కర్తవ్య పథ్ వెడల్పు చూసి పిన్ని "ఇంత రోడ్డు మనూళ్ళో ఎక్కడ పడుతుందిరా, సముద్రంలోనా" అంది, బస్సంతా నవ్వారు. ఇండియా గేట్ 42 మీటర్ల ఎత్తు, దాని మీద 13 వేలకి పైగా సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి, దగ్గరికెళ్ళి చదువుదామంటే గైడు ఫొటోలు అయిపోయాయిగా పదండి అంటాడు.

ఆ రోజు నాకు గుర్తుండిపోయింది లిస్టులో లేనిది. ఆ బంగళాల రోడ్ల మీద నేరేడు చెట్లు ఉంటాయి, జులై కదా పళ్ళు పండాయి, ఒకడు చెట్టెక్కి కొమ్మ ఊపుతుంటే కింద ఇద్దరు ఆడవాళ్ళు, ఒక గుంటడు దుప్పటి నాలుగు మూలలా పట్టుకుని నిలబడ్డారు, పళ్ళు టపటపా పడుతున్నాయి, ఫుట్‌పాత్ అంతా ఊదా రంగు, పక్కనే బుట్టలో ఉప్పు చల్లి అమ్మేస్తున్నారు, వాళ్ళ వెనక గేటు దగ్గర తుపాకీ పట్టుకుని సెక్యూరిటీ అతను. అమ్మ ఆపమంది. వీఐపీ ఏరియా మేడం, ఇక్కడ ఆపకూడదు అన్నాడు గైడు.

మర్నాడు సోమవారం, ఎర్రకోట. సోమవారం ఎర్రకోటకి సెలవు! ఆఫీసులో కూర్చుని ఢిల్లీ టూర్లు అమ్మేవాళ్ళకి ఇది తెలీదంటే నేను నమ్మను. బయట నించోబెట్టి ఫొటోలు తీయించి, ప్యాకేజీలో ఔట్‌సైడ్ వ్యూనే సార్ అన్నాడు, మిగిలిన టైం ఒక హ్యాండీక్రాఫ్ట్స్ షాపులో కూర్చోబెట్టారు, శాలువాలు చూడ్డానికి, జులైలో.

ఫ్రీ డే అని ఒకటి ఇచ్చారు, నా మటుకు డబ్బులు గిట్టింది ఆ రోజే. కరోల్ బాగ్‌లో మెట్రో ఎక్కి రాజీవ్ చౌక్‌లో మారితే అక్కణ్నుంచి మూడో స్టేషనే చాందినీ చౌక్. కిందంతా ఏసీ, అద్దంలా ఫ్లోరు, పైకొచ్చాక మనుషులు, మనుషులు, మనుషులు. షాజహాన్ తన కొత్త రాజధానిగా కట్టించిన ఊరు ఇది, కోట 1648కి పూర్తయింది, ఈ బజారు డిజైన్ ఆయన కూతురు జహనారాది అంటారు. పొద్దున్న 9 నుంచి రాత్రి 9 దాకా మెయిన్ రోడ్డు మీద మోటారు బళ్ళు రానివ్వరని రూలు, సైకిల్ రిక్షాల మీదే తిరిగాం. చివర ఖారీ బావలీ, మసాలా దినుసుల హోల్‌సేల్ మార్కెట్, మన పూర్ణా మార్కెట్‌ని పదింతలు చేసి వెయ్యేళ్ళు తుడవకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఎండుమిర్చి బస్తాలు దించుతున్నారు, ఆ ఘాటుకి వీధి వీధంతా దగ్గుతోంది, కొట్టువాడు దగ్గుతూనే రేటు చెప్తాడు, అమ్మ దగ్గుతూనే తెలుగులో బేరమాడుతుంది, ఎలాగో ఏమో బాదం, ఆక్రోట్ రెండూ తగ్గించే ఇచ్చాడు. తోపుడు బండి మీద ఒక హమాలీ నిద్రపోతున్నాడు, ముఖం మీద గోనెసంచి, చుట్టూ అంత రొదలో.

మధ్యాహ్నం ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్ళాం. పప్పు, పొడి, నెయ్యి, ఎంత కావాలంటే అంత వడ్డిస్తారు. క్యూలో సగం మంది హిందీ వాళ్ళే, పప్పన్నం మనకంటే ధైర్యంగా కలుపుతున్నారు.

ఆఖరి రాత్రి డిన్నర్ నుంచి వస్తుంటే ఫ్లైఓవర్ కింద వరసగా పడుకున్న మనుషులు, పిల్లలతో సహా. మన దగ్గర లేరా అంటే ఉన్నారు, రాత్రి పదకొండు దాటాక మన ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండ్ దగ్గర చూస్తే తెలుస్తుంది. కానీ బంగళాల రోడ్లు చూసొచ్చిన కళ్ళతో చూస్తే గొంతు పట్టేసింది. సరిగ్గా అప్పుడే గైడు మైకు తీసి అంత్యాక్షరి ఆడదామా అన్నాడు.

రేటింగ్: ప్రయాణం, బసకి 4, ఊరు చూపించినందుకు 1. ఈ ప్యాకేజీయే తీసుకునేవాళ్ళుంటే, సోమవారం ఏం చూపిస్తారో డబ్బులు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి, ఫ్రీ డేలు రెండు అడగండి.