గేరు పడకపోతే ముందు చూడవలసింది క్లచ్‌నా, గేర్‌బాక్స్‌నా?

గేరు సరిగా పడని కారును వరంగల్‌లోనో హనుమకొండలోనో ఏ షెడ్డుకు తీసుకెళ్లినా, క్లచ్ పోయిందనో, గేర్‌బాక్స్ విప్పాలనో అంటారు. ఈ రెండింటిలో ఏది నిజమో తేలకముందే పని మొదలుపెట్టించడం మంచిది కాదు. క్లచ్ ప్లేటు మార్చాలన్నా, లోపలి పళ్లను చూడాలన్నా గేర్‌బాక్స్‌ను కిందికి దించక తప్పదు, ఆ కూలీ చిన్నది కాదు. పైగా గేరు గట్టిపడటానికి కారణమయ్యే భాగాల్లో చాలావరకు బయటే ఉంటాయి. వాటికి గేర్‌బాక్స్‌ను కదిలించనక్కరలేదు.

తేడా తెలుసుకోవడానికి ఏ పరికరమూ అవసరం లేదు. సమతలమైన చోట కారు నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి, క్లచ్ పూర్తిగా తొక్కి, రివర్స్‌తో సహా అన్ని గేర్లూ వేసి చూడాలి. ఏదైనా ఒకటి పడకపోతే వెంటనే అనుమానించకూడదు; ఆగి ఉన్నప్పుడు పళ్లకు పళ్లు ఎదురుపడి అడ్డుకుంటాయి కనుక న్యూట్రల్‌కు తెచ్చి, హ్యాండ్‌బ్రేక్ వదిలి బండిని కాస్త జరిపి, మళ్లీ హ్యాండ్‌బ్రేక్ వేసి ప్రయత్నించాలి. ఆ తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి అదే పని చేయాలి. ఆపినప్పుడు సాఫీగా పడిన గేర్లు ఇంజన్ నడుస్తున్నప్పుడు మొండికేస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదని, అంటే పెడల్ తొక్కినా ఇంజన్ నుంచి గేర్‌బాక్స్ పూర్తిగా విడిపోవడం లేదని అర్థం. రెండు సందర్భాల్లోనూ గట్టిగా ఉంటే గేర్ రాడ్ నుంచి బాక్సు దాకా వెళ్లే కేబుళ్లు, లింకేజ్ (కలిపే కడ్డీలు, కీళ్లు), అరిగిన బుష్‌లు ముందుగా చూడాలి.

క్లచ్ విడవడం లేదన్న అనుమానాన్ని రివర్స్ గేరుతో ఖాయం చేసుకోవచ్చు. చాలా కార్లలో రివర్స్‌కు, గేరు పడేముందు వేగాలను సమం చేసే సింక్రో రింగు ఉండదు, కాబట్టి క్లచ్ తొక్కిన మరుక్షణమే వేస్తే గర్రుమనడం సహజమే. అయితే క్లచ్ తొక్కి పట్టి నాలుగైదు సెకన్లు ఆగాక వేసినా గర్రుమంటే, లోపలి షాఫ్టును ఇంజన్ ఇంకా తిప్పుతూనే ఉందన్నమాట. కేబుల్ క్లచ్ ఉన్న కార్లలో కేబుల్ సాగడమో, ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలయ్యే ముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) ఎక్కువ కావడమో జరిగి ఉండవచ్చు; సర్దుబాటుతోనే పని తీరవచ్చు. ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ అయితే బానెట్ ఎత్తి ఫ్లూయిడ్ మట్టం చూడాలి, ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడిపించే స్లేవ్ సిలిండర్ బయట ఉండే బండ్లలో దాని రబ్బరు తొడుగు అంచు కొద్దిగా ఎత్తి చూడాలి. అక్కడ తడి కనిపిస్తే సీలు పోయినట్టే. పెడల్‌ను వరుసగా రెండు మూడుసార్లు తొక్కాక గేరు సులువుగా పడుతుంటే, లైనులో గాలి చేరిందని అనుమానించాలి.

గేర్‌బాక్స్ లోపం తీరు వేరుగా ఉంటుంది. అన్ని గేర్లూ బాగానే ఉండి ఒక్క గేరు, తరచుగా రెండోది, మూడు నుంచి దిగేటప్పుడు గర్రుమంటే, ఆ గేరుకు సంబంధించిన ఇత్తడి సింక్రో రింగు అరిగి ఉండవచ్చు. రెండు షాఫ్టుల వేగాన్ని సమం చేయడమే ఆ రింగు పని. డ్రైవర్ ఆ పని తానే చేసి చూడవచ్చు: న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి రెండో గేరు వేయాలి. అప్పుడు చప్పుడు లేకుండా పడితే లోపం రింగుదే. ఇలాంటి బండికి క్లచ్ సెట్టు మార్పిస్తే ఎంతమాత్రం ఉపయోగం ఉండదు. నడుస్తుండగా గేరు దానంతటదే న్యూట్రల్‌కు జారిపోవడం కూడా క్లచ్ లోపం కాదు. లింకేజ్, ఇంజన్ మౌంటింగులు చూసి, అవి బాగుంటే బాక్సు విప్పవలసిందే.

మేడారం జాతరకు తాడ్వాయి దారిలో గంటల తరబడి హాఫ్ క్లచ్ మీద కదిలిన బండ్లకు మరో సమస్య వస్తుంది: ఇంజన్ మోత పెరుగుతుంది కానీ వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది. అది ప్లేటు జారడం. ఇందులో గేర్లు సాధారణంగా సులువుగానే పడతాయి కాబట్టి, దీన్ని గేరు గట్టిపడటంతో కలిపి చూడకూడదు. ఆదిలాబాద్ వైపు చలికాలం తెల్లవారుజామున మొదటి కొద్ది కిలోమీటర్లు రెండో గేరు మొండిగా ఉండి, బండి వేడెక్కాక సర్దుకుంటే ముందు గేర్ ఆయిల్ మార్చడమే మేలు. యజమాని పుస్తకం జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగినప్పుడు జీఎల్-5 రకం పోయించకూడదు. దానిలోని కొన్ని రసాయనాలు ఇత్తడి రింగులకు హాని చేయవచ్చు.

కనుక నా అభిప్రాయంలో వరుస ఇది: మొదట పెడల్, కేబుల్ లేదా ఫ్లూయిడ్, తర్వాత బయటి లింకేజ్, ఆ తర్వాత ఆయిల్, చివరగానే గేర్‌బాక్స్ దింపడం. ఒక్క గేరే గర్రుమంటున్నప్పుడు మాత్రం బయటి లింకేజ్, ఆయిల్ చూసుకుని నేరుగా బాక్సు దగ్గరకు వెళ్లవచ్చు. ఎలాగూ దించవలసి వస్తే క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగు ఎంత అరిగాయో అప్పుడే మెకానిక్‌తో కలిసి దగ్గరుండి చూడాలి, ఇంజన్ వైపు ఆయిల్ సీలు కారుతుందేమో పరీక్షించాలి. వాటిలో ఏది సగం అరిగి కనిపించినా మార్పించడమే లాభం. మళ్లీ అదే కూలీ ఇచ్చి దింపించే అవసరం ఉండదు.