పాత ర్యామ్ పక్కన కొత్త స్టిక్ వేయాల్నా, రెండూ జతగా ఒకే డబ్బాలో వచ్చే కిట్టే కొనాల్నా: ఏది మేలు?

ఈ మధ్య నన్ను అడిగేవాళ్ళంతా ఒకటే అడుగుతాండారు. "అన్నా, సిస్టంలో 8 జీబీ ఉండాది, ఇంకో 8 వేస్తే సరిపోతాదా, లేకుంటే అది అమ్మేసి 16 కిట్ తీసుకుందునా?" అని. అనంతపురంలో ఫోటో స్టూడియో పెట్టుకున్న పిల్లోడు అడిగిందీ ఇదే, కర్నూల్లో డీటీపీ చేసే అన్న అడిగిందీ ఇదే. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు ఎట్ల ఎగిరినాయో చూస్తానే ఉండారు కదా, చిప్పులు చేసే కంపెనీలు ఏఐ సర్వర్ల వైపు తిరిగేసరికి మన డెస్క్‌టాప్ స్టిక్కులకు ఈ గతి పట్టింది, కాబట్టి ఉన్నదాన్ని పక్కన పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే వివరంగా రాస్తాండా.

ముందు ఒక భయం తీసేస్తా. స్టిక్ మీద రాసుండే స్పీడు పాతదానికి 2666, కొత్తదానికి 3200 అయితే ఏమవుతాది అంటే, రెండూ 2666లో నడుస్తాయి, అంతే. పైగా మన ఊర్లలో ఎక్కువ కనపడే హెచ్410 బోర్డు, ఐ3 10100 ఉన్న సిస్టం అయితే దానికి పరిమితే 2666, మీరు ఏ 3200 కిట్ తెచ్చిపెట్టినా అది 2666 దాటదు, మరి దానికోసం పాత స్టిక్ ఎందుకు అమ్మడం? ఒంటి 3200 స్టిక్ సెకనుకు 25.6 జీబీ తోలగలదు, అదే రెండు కలగాపులగం స్టిక్కులు 2666లో డ్యూయల్ ఛానల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి డేటా పోయేట్టు, కూర్చుంటే 42 జీబీ పైనే. గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 3200జీ, 5600జీ వాడేవాళ్ళకు ఈ తేడా గేముల్లో కంటికి కనపడుతుంది, ఎందుకంటే దాంట్లో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. నాలుగు స్లాట్ల బోర్డు అయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడండి. పక్కపక్కన పెడితే చాలా బోర్డుల్లో రెండూ ఒకే ఛానల్‌లో పడతాయి, వేసిన లాభం పోతాది. 4, 8 కలిపినా పరవాలేదు, ఇంటెల్ బోర్డుల్లో 4+4 వరకు డ్యూయల్‌గా, మిగిలిన 4 సింగిల్‌గా నడుస్తాయి.

కాబట్టి స్పీడు చూసి కిట్ వైపు పోవాల్సిన పని లేదు. నా లెక్కలో తేల్చేది ఒకటే: ఆ రెండు స్టిక్కులు కలిసి ఒక్క తప్పు కూడా లేకుండా నడుస్తాయా లేదా.

ఇక్కడ జనం ఎక్కువ ఇరుక్కునేది ఎక్స్‌ఎంపీ దగ్గర, అంటే స్టిక్‌ను మామూలు కంటే ఎక్కువ స్పీడులో నడిపే బయోస్ (బోర్డు సెట్టింగులు) ఆప్షన్ దగ్గర. రెండిటి మీదా 3200 అనే రాసి ఉంటుంది, రెండూ ఒకటే అనుకుంటారు. కానీ ఒకటి మామూలుగానే 1.2 వోల్టుల్లో సీఎల్22తో (సీఎల్ అంటే స్టిక్ జవాబిచ్చేందుకు పట్టే ఆలస్యం, తక్కువైతే మేలు) 3200 నడిచే రకం, ఇంకోటి ఎక్స్‌ఎంపీ వేస్తేనే 1.35 వోల్టుల్లో సీఎల్16తో 3200 నడిచే రకం అయి ఉండొచ్చు. ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే చాలాసార్లు బోర్డు ఆ సీఎల్16నే రెండిటి మీదా రుద్దుతుంది, సీఎల్22 స్టిక్ దాన్ని మోయలేక స్క్రీన్ నల్లగా ఉండిపోతాది, లేదా విండోస్ దాకా వచ్చి మెమరీ మేనేజ్‌మెంట్ అని బ్లూ స్క్రీన్ పడతాది. అప్పుడు అందరూ "స్టిక్ పోయింది" అంటారు, చాలాసార్లు పోయింది స్టిక్ కాదప్పా. కరెంటు తీసి సీమోస్ క్లియర్ చేసి (బోర్డు సెట్టింగులు మొదటికి తెచ్చి), ఎక్స్‌ఎంపీ ఆఫ్‌లోనే పెట్టి చూడండి. సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌పీడీ అనే ట్యాబ్ తెరిస్తే ఒక్కో స్లాట్‌లో ఉన్నది ఏ రకమో, ఏ వోల్టేజీదో అంతా ఉంటుంది, కొనేముందే మీ పాతదాని వివరం అక్కడ ఫోటో తీసుకొని షాపుకు పోండి.

అప్పటికీ రాలేదంటే ఒక్కో స్టిక్ విడిగా, అదే స్లాట్‌లో పెట్టి చూడాలి. స్లాట్ మారిస్తే తప్పు స్టిక్‌దా బోర్డుదా తేలదు. స్టిక్ అంచున ఉండే బంగారు రంగు కాళ్ళను రాత చెరిపే రబ్బరుతో మెల్లగా తుడవండి, మన దుమ్ముకు ఇది ఉత్త మాట కాదు. విడిగా రెండూ బాగుండి కలిపితేనే గొడవ అయితే బయోస్ అప్‌డేట్ ఉందేమో చూసి, స్పీడు ఒక మెట్టు దించి చేత్తో 2666 అనో 2400 అనో పెట్టండి.

బూట్ అయిందని సంతోషపడి క్యాబినెట్ మూసేయొద్దు, అసలు పని ఇప్పుడే. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని రాత్రంతా తిప్పండి, వీలైతే మధ్యాహ్నం కూడా ఒకసారి మూత బిగించి తిప్పండి, మేలో 40 దాటే ఊర్లు మనవి, చల్లపూట పాసైన స్టిక్ ఎండపూట తప్పు చూపించొచ్చు. యూపీఎస్ ఉంటే మంచిది, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచే. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ జత పనికిరాదు. "వేలల్లో ఒకటే కదా" అనుకోకండి. చెడ్డ ర్యామ్ ఎప్పుడూ బ్లూ స్క్రీన్ ఇచ్చి చెప్పదు, ఏం మాట్లాడకుండా ఫైల్ పాడుచేసి సేవ్ చేస్తుంది. పెళ్ళి ఆల్బమ్ ఫోటోషాప్ ఫైల్ తెరుచుకోకపోవడం, జిప్ విప్పితే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైల్ చెడిందని) రావడం, ట్యాలీ డేటా చెడిపోవడం, వీటి వెనక ర్యామ్ ఉండొచ్చని ఎవరికీ తట్టదు. ఆ పెళ్ళి మళ్ళీ జరగదు, ఆ ఫోటోలు మళ్ళీ రావు.

కిట్‌కు ఉన్న నిజమైన బలం ఇదే. కంపెనీ వాళ్ళు ఆ రెండిటినీ కలిపి పరీక్ష చేసి, కలిపే ఒక డబ్బాలో అమ్ముతారు, ఎక్స్‌ఎంపీ ధైర్యంగా ఆన్ చేసుకోవచ్చు. "నేను అదే కంపెనీ, అదే మోడల్ ఇంకోటి తెస్తా" అంటారు కొందరు, మేలే గాని కిట్‌తో సమానం కాదు, అదే మోడల్ నంబర్ మీద లోపలి చిప్పులు మారుతుంటాయి. రైజెన్‌లో 3200, 3600 స్పీడు పూర్తిగా వాడుకోవాలనేవాళ్ళు, జనాల ఫోటోలు లెక్కలు దాచిపెట్టే స్టూడియో, అకౌంట్ల వాళ్ళు డబ్బుంటే కిట్టే కొనండి. ఇంతవరకు చెప్పింది డీడీఆర్4 రకం ర్యామ్ గురించి, దాని తర్వాతి తరం డీడీఆర్5 అయితే ఎవరైనా సరే కిట్టే, నాలుగు స్టిక్కుల జోలికి పోవద్దు, రైజెన్ 7000లో రెండు స్టిక్కులకు 5200 అని ఉన్న పరిమితి నాలుగు పెడితే 3600కు దిగుతుంది.

ఇంట్లో చదువుకునే పిల్లల సిస్టం, నెట్ సెంటర్, ఆన్‌లైన్ అప్లికేషన్లు పెట్టే షాపు, వీటికి నేను కలగలుపునే అంటా, టెస్ట్ పాసైతే చాలు.

16 జీబీ ఒంటి స్టిక్ ఇంకోటి తర్వాత వేసుకుందామనే వాళ్ళకే. డీడీఆర్4కు ముందు తరం డీడీఆర్3 వాళ్ళు చవగ్గా దొరికే "ఏఎండీ ఓన్లీ" స్టిక్ ఇంటెల్ బోర్డుకు కొనొద్దు, అది దాంట్లో లేయదు.

కలగలుపు అనుకుంటే కొత్త స్టిక్ ఆన్‌లైన్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచో తెప్పించేకంటే ఊర్లోనే కొనమంటా, కొంచెం ఎక్కువైనా సరే. క్యాబినెట్ ఎత్తుకుపోయి షాపులోనే పెట్టించి చూడొచ్చు. "రెండు రోజులు టెస్ట్ చేస్తా, ఎర్రర్ వస్తే మార్చి ఇయ్యాల" అని డబ్బులిచ్చే ముందే మాట్లాడుకొని బిల్లు మీద రాయించుకోండి. అందుకు ఒప్పుకోని షాపులో కొనొద్దు.